పిలిస్తే పలకని బిడ్డ: తల్లి అనుమానం, మన ఆలస్యం

(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము ప్రస్తావించబోయే విషయం మన సభలలో సాధారణంగా వినిపించేది కాదు. రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ భూముల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మన వేదికలపై ఎంతో చర్చ జరిగింది. జరగవలసినదే. కాని మన ఇళ్లలోనే, చుట్టాలు వచ్చినప్పుడు తలుపు దగ్గరగా వేసి ఉంచే వెనుక గదిలో, ఒక బాబో పాపో ఉంటే ఆ బిడ్డ హక్కు గురించి మన వేదికలు పెద్దగా మాట్లాడలేదు. ఆటిజం ఉన్న పిల్లల గురించి, వారికంటె ముందు వారి తల్లిదండ్రుల గురించి, కొన్ని మాటలు చెప్పడానికి మేము మీ ముందుకు వచ్చాము.

మేము వైద్యులము కాము. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కొందరు, ఉపాధ్యాయులు కొందరు కలిసి మొహల్లాలలో ఇల్లిల్లూ తిరుగుతున్నవారము. మేము వెళ్లిన ప్రతి ఇంటిలోనూ ఒక ప్రశ్న అడుగుతూ వచ్చాము. 'బిడ్డలో ఏదో తేడా ఉన్నదని మీకు మొదట ఎప్పుడు అనిపించింది? సరైన వైద్యుని వద్దకు ఎప్పుడు వెళ్లారు?' ఈ రెండింటి మధ్య కాలాన్ని నెలలలో చెప్పినవారు తక్కువ, సంవత్సరాలలో చెప్పినవారే ఎక్కువ. ఇంకొక సంగతి కూడా గమనించాము. మొదటి అనుమానం దాదాపు ప్రతి ఇంటిలోనూ తల్లికే కలిగింది. ఆ అనుమానాన్ని ఆమె నోట రానివ్వకుండా చేసినది మాత్రం ఇంటిలోని మిగిలినవారు. నేటి మా ప్రసంగమంతా ఆ ఆలస్యం గురించే.

ముందుగా ఆటిజం అంటే ఏమిటో క్లుప్తంగా చెప్పుకుందాము. అది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు. మెదడు ఎదుగుదలలో తొలినాటి నుండి ఉండే ఒక తేడా. చూపు కలపడం, మాట కలపడం, ఎదుటివారి ముఖం చూసి మనసు గ్రహించడం వంటివి ఇతర పిల్లలకు ఎవరూ నేర్పకుండానే వస్తాయి. ఈ పిల్లలకు అవి కష్టమవుతాయి. చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయడం, ప్రతిదీ ఒకే వరుసలో జరగాలని పట్టుబట్టడం, శబ్దాన్ని, వెలుతురును, తాకిడిని ఇతరులకంటె ఎంతో ఎక్కువగానో ఎంతో తక్కువగానో అనుభవించడం మరికొన్ని లక్షణాలు. కుక్కర్ విజిల్ వేయగానే చెవులు మూసుకొని ఏడ్చే పిల్లవాడు మొండివాడు కాదు. ఆ శబ్దం అతనికి నిజంగానే భరించరానిదిగా ఉంటుంది. ఈ లక్షణాలు అందరిలోనూ ఒకే విధంగా ఉండవు. ఒక బిడ్డకు ఒక్క మాటా రాదు. మరొక బిడ్డ మూడేళ్లకే గోడ మీది క్యాలెండరంతా అప్పజెబుతుంది, కాని 'నీ పేరేమిటి?' అని అడిగితే 'నీ పేరేమిటి?' అనే తిరిగి అంటుంది. కొందరిలో ఆటిజంతో పాటు బుద్ధిమాంద్యమో మూర్ఛయో ఉంటుంది, చాలామందిలో ఉండదు.

1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను గురించి వ్యాసం రాసిన తరువాత ఈ స్థితి వైద్యలోకంలో ఈ పేరుతో గుర్తింపు పొందింది. అంతకు పూర్వం ఇటువంటి పిల్లలు లేరని కాదు, వారిని వేరే పేర్లతో పిలిచారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం వంద మంది పిల్లలలో సుమారు ఒకరికి ఆటిజం ఉంటుంది. గుర్తించబడినవారిలో మగపిల్లలు మూడు, నాలుగు రెట్లు ఎక్కువ; ఆడపిల్లలలో 'సిగ్గరి, నెమ్మదస్తురాలు' అనుకొని గమనించకపోవడం కూడా ఇందుకు ఒక కారణం. ఒక మొహల్లాలో వెయ్యి మంది పిల్లలు ఉన్నారనుకుంటే పదిమంది ఇటువంటి పిల్లలు ఉండాలి. మన పెళ్లిళ్లలో, ఈద్గాలో, మక్తబ్‌లో ఆ పదిమంది మనకు కనబడుతున్నారా?

ఇక తల్లులకు అనుమానం కలిగించే గుర్తులు. తొమ్మిది నెలలు దాటినా పేరు పెట్టి పిలిస్తే తల తిప్పకపోవడం. ఏడాది వచ్చినా టాటా చెప్పడం, సలాం చేయడం, ఎత్తుకోమని చేతులు చాచడం వంటి సైగలు రాకపోవడం. ఏడాదిన్నరకు వేలితో చూపకపోవడం. రెండేళ్లకు 'పాలు కావాలి', 'అబ్బా వచ్చాడు' వంటి రెండు మాటలను తానుగా కలపలేకపోవడం. వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోవడం. ఈ చివరి గుర్తు కనిపిస్తే ఒక్క వారం కూడా ఆగవద్దని మా విన్నపం.

వేలితో చూపడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇళ్లలో అది తక్కువగా పట్టించుకునే విషయం. బిస్కెట్టు కావాలని డబ్బా వైపు చూపడం వేరు. ఆకాశంలో చందమామను చూపి, 'నువ్వు కూడా చూడు' అన్నట్లు అమ్మ ముఖం వైపు తిరగడం వేరు. మొదటిది కోరడం, రెండవది పంచుకోవడం. ఆటిజం ఉన్న పిల్లలలో ఈ రెండవది రావడం లేదు అన్నది చాలా ముందుగా కనిపించే సూచన. కొందరు పిల్లలు అమ్మ చేయి పట్టుకొని తీసుకువెళ్లి ఫ్రిజ్ తలుపు మీద పెడతారు గాని అమ్మ ముఖం వైపు చూడరు. చూసేవారికి ఇది గారాబంగా అనిపిస్తుంది. తల్లికి మాత్రం ఎక్కడో గుచ్చుకుంటుంది. ఆమెకు గుచ్చుకున్నదే నిజం కావచ్చునని నమ్మండి.

'పిలిస్తే పలకడు గాని చిప్స్ పొట్లం చప్పుడైతే పరుగెత్తుకు వస్తాడు, కనుక చెవులు బాగానే ఉన్నాయి' అని చాలామంది అంటారు. ఇంటిలో తేల్చే విషయం కాదది. వినికిడి పరీక్ష ముందుగా చేయించాలి. చిన్నపిల్లలకు నిద్రలో చేసే బెరా పరీక్ష జిల్లా కేంద్రాలలో దొరుకుతుంది. వినికిడి లోపమే ఉంటే దానికి మార్గం వేరు, అందులోనూ ఆలస్యం నష్టమే.

ఇప్పుడు ఆలస్యానికి కారణాలు. మొదటిది అందరి ఇళ్లలో వినిపించేదే: 'వాళ్ల అబ్బా కూడా నాలుగేళ్లకు గాని మాట్లాడలేదు'. నిజమే కావచ్చు. ఆలస్యంగా మాట్లాడిన పిల్లలు ఎందరో ఉన్నారు. కాని ఆలస్యంగా మాట్లాడే బిడ్డ సైగలతో, చూపుతో, నవ్వుతో మాట లోటును పూరించుకుంటుంది. మాట లేదు, సైగా లేదు, చూపూ లేదు అంటే దానిని అబ్బా చిన్ననాటి కథతో సరిపెట్టకూడదు.

రెండవది భాష. మనకు సంబంధించినంతవరకు ఇదే పెద్ద చిక్కు. మన ఇళ్లలో చాలావరకు దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. దూదేకుల కుటుంబాలలో ఇంటి భాషే తెలుగు, మక్తబ్‌లో మాత్రం ఉర్దూ, అరబీ అక్షరాలు. మాట రాని బిడ్డను చూసి, 'మూడు భాషలతో గందరగోళపడుతున్నాడు, ఒక భాష మానివేయండి' అని సలహా ఇస్తారు. ఈ సలహా ఇచ్చేది దాదీలు, నానీలు మాత్రమే కాదు, బడివారు, అప్పుడప్పుడు వైద్యులు కూడా. రెండు భాషలు వినడం వలన ఆటిజం రాదు, ఉన్న ఆటిజం పెరగదు. రెండు భాషల ఇళ్లలో పెరిగే ఆటిజం పిల్లలపై వేర్వేరు దేశాలలో జరిగిన పరిశీలనలు ఒక భాష ఇళ్ల పిల్లలకంటె వీరు వెనుకబడుతున్నారని చూపలేదు.

ఈ సలహా వలన నష్టం రెండు విధాలు. 'భాష మార్చి చూద్దాము' అనుకుంటూ ఏడాది గడిచిపోతుంది. అంతకంటె పెద్దది, తల్లి మూగదైపోతుంది. ఇంగ్లీషులోనే మాట్లాడమని చెబితే ఆమెకు వచ్చినవి 'సిట్', 'కమ్', 'ఈట్', 'నో'. జోలపాట పోయింది, దాదీ ముద్దుపేర్లు పోయాయి, ఇంటిలో నవ్వుతూ తిట్టుకొనే తిట్లు కూడా పోయాయి. మాటల వాన కావలసిన బిడ్డకు నాలుగు ఆజ్ఞలు మిగిలాయి. మీరు అలసిపోకుండా రోజంతా ఏ భాషలో మాట్లాడగలరో, ఏ భాషలో మీకు ముద్దు చేయడం వచ్చునో, ఆ భాషే మీ బిడ్డకు మొదటి చికిత్స. అది ఉర్దూ అయితే ఉర్దూ, తెలుగు అయితే తెలుగు.

మూడవది ఫోను. ఫోనే ఆటిజానికి కారణమని, ఫోను మాన్పిస్తే పూర్తిగా తగ్గిపోతుందని చెప్పే వీడియోలు ఫోనులోనే తిరుగుతున్నాయి. చిన్నపిల్లల చేతికి ఫోను ఇవ్వకపోవడం మంచిదే. మనుషులతో గడపవలసిన గంటలను అది తినివేస్తుంది. అయితే 'ముందు ఆరు నెలలు ఫోను మాన్పించి చూద్దాము' అని వైద్యుని వద్దకు వెళ్లకుండా ఆగవద్దు. రెండూ ఒకే రోజు మొదలుపెట్టవచ్చు.

నాలుగవది నజర్, జిన్ను, తాయెత్తు. ఇక్కడ మేము జాగ్రత్తగా మాట్లాడుతున్నాము. దువా మన విశ్వాసం, దానిని మానమని చెప్పేవారము కాము. వ్యాధికి చికిత్స పొందమని బోధించినది దైవప్రవక్త (స)యే కనుక దువాకు, వైద్యానికి పోటీ లేదు. మా అభ్యంతరం వేరొకదానిపై. ఊరూరా ఆమిళ్ల చుట్టూ తిప్పడం, నలభై రోజుల గడువులు ఒకదాని వెంట ఒకటి పెట్టడం, పొగ వేయడం, కొట్టడం, కట్టివేయడం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా సమీపాన నడిచిన ఒక ఆశ్రమానికి నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టివేయబడి ఉన్న మానసిక రోగులు లేచి పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. స్వస్థత లభిస్తుందనే ఆశతోనే వారి ఇంటివారు వారిని అక్కడ వదిలారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగులను ఏ విధంగానూ గొలుసులతో బంధించరాదని స్పష్టంగా నిషేధించింది. ఏ బిడ్డనైనా మంచానికి కట్టి ఉంచిన సంగతి మీకు తెలిస్తే ఆ ఇంటి తలుపు తట్టండి. తిట్టడానికి కాదు. ఆ తల్లి పనికి పోయి రావలసిన స్థితిలో ఉండి, బిడ్డను చూసే దిక్కులేక కట్టి ఉండవచ్చు.

ఐదవది, మాకు అన్నింటికంటె బాధ కలిగించేది, తల్లిపై మోపే నింద. 'గ్రహణం నాడు బయట తిరిగింది', 'ఉద్యోగానికి పోయింది', 'వాళ్ల ఖాన్‌దాన్‌లోనే ఏదో ఉన్నది'. ఇది మన అజ్ఞానం మాత్రమే అనుకోవద్దు. చదువుకున్న పాశ్చాత్య ప్రపంచమే ఒకనాడు ఇంతకంటె క్రూరంగా ప్రవర్తించింది. తల్లి మనసు మంచుగడ్డలా చల్లబడిపోవడం వలన బిడ్డ తనలోకి తాను ముడుచుకుపోతాడని అక్కడి నిపుణులు ప్రచారం చేశారు. షికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ఆ వాదంతో ఒక గ్రంథమే ప్రకటించి ఎంతో పేరు సంపాదించాడు. బిడ్డలను తల్లిదండ్రుల నుండి వేరుచేయడమే చికిత్స అన్నాడు. దానికి మూడేళ్ల ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త, తానే ఒక ఆటిజం బిడ్డకు తండ్రి, అది పెంపకం వలన కాదు, మెదడు నిర్మాణానికి సంబంధించినదని సాక్ష్యాలతో రాశాడు. తరువాతి దశాబ్దాలలో కవలలపై జరిగిన పరిశోధనలు జన్యువుల పాత్ర చాలా ఎక్కువని తేల్చాయి. ఆ జన్యువులు తల్లి నుండీ వస్తాయి, తండ్రి నుండీ వస్తాయి, కొన్ని మార్పులు ఆ బిడ్డలోనే కొత్తగా ఏర్పడతాయి. దగ్గరి బంధువుల పెళ్లి వలన కొన్ని వంశపారంపర్య వ్యాధుల అవకాశం పెరుగుతుంది, అది తెలుసుకోవలసినదే. కాని పెళ్లి నిశ్చయించిన పెద్దలే తరువాత ఆ కోడలిని వేలెత్తి చూపడం ఏ న్యాయమో మాకు అర్థం కాదు.

నింద ఎక్కడికి దారితీస్తుందో మేము చూశాము. తల్లి బిడ్డను బయటకు తీసుకురావడం మానుతుంది. 'వంశానికి మచ్చ' అని రెండవ బిడ్డ పెళ్లి సంబంధాలకోసం మొదటి బిడ్డను దాస్తారు. రెండవ నికాహ్ మాట ఇంటిలో మెల్లగా వినిపిస్తుంది. అటువంటి ఇంటిలో తల్లి తన అనుమానాన్ని బయటపెట్టడం అంటే తనపై తానే నేరం మోపుకున్నట్లు. ఆమె ఎందుకు ఆలస్యం చేసిందని అడగడానికి ముందు ఆమెకు ఏ ధైర్యం ఇచ్చామో చూసుకోవాలి.

తండ్రుల విషయం కూడా ఉన్నది. కడప జిల్లా నుండి కువైట్‌కు, హైదరాబాద్ నుండి జిద్దాకు వెళ్లిన తండ్రులకు బిడ్డ వీడియో కాల్‌లో రెండు నిమిషాలు కనబడతాడు. ఆ రెండు నిమిషాలలో బిడ్డ పలకకపోతే సిగ్గనుకుంటారు. ఆసుపత్రికి పోవాలంటే డబ్బు, అనుమతి రెండూ అక్కడి నుండి రావాలి. ఈ సభకు రాలేని ఆ తండ్రులకు ఈ మాటలు చేరవేయమని మీలో ప్రతి ఒక్కరినీ కోరుతున్నాము.

టీకాల గురించి ఒక మాట. ఎం.ఎం.ఆర్. టీకా వలన ఆటిజం వస్తుందని 1998లో ఇంగ్లండులో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడు 12 మంది పిల్లలను చూపి ఒక వ్యాసం రాశాడు. అందులోని వివరాలు తారుమారు చేసినవని బయటపడింది. 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది, అతని వైద్య గుర్తింపు రద్దయింది. డెన్మార్కులో ఆరున్నర లక్షలకు పైగా పిల్లల వివరాలను పరిశీలించి 2019లో ప్రకటించిన అధ్యయనం టీకాకు, ఆటిజానికి సంబంధం లేదని మళ్లీ తేల్చింది. అయినా ఆ అబద్ధం చావలేదు. అమెరికాలోని మిన్నెసోటాలో స్థిరపడిన సోమాలీ ముస్లిం కుటుంబాలు తమ పిల్లలలో ఆటిజం ఎక్కువగా కనబడుతున్నదని ఆందోళన చెంది ఉండగా, టీకా వ్యతిరేకులు ఆ భయాన్ని వాడుకున్నారు. టీకాలు తగ్గిపోయాయి. 2017లో అక్కడ తట్టు వ్యాపించి 75 మందికి సోకింది, వారిలో అత్యధికులు ఆ సముదాయపు పిల్లలే. అల్పసంఖ్యాకుల భయం ఎంత సులభంగా వారికే హాని చేయగలదో చూడండి. మన వాట్సాప్ గుంపులలోనూ టీకాలపై వదంతులు తిరుగుతూనే ఉంటాయి.

గుర్తించిన తరువాత ఏమి చేయాలి? ఆటిజాన్ని పూర్తిగా తొలగించే మందు లేదు. నిద్రలేమికి, మూర్ఛకు, అదుపులేని చిరాకుకు మందులు ఉన్నాయి, వాటిని వైద్యుడు నిర్ణయించాలి. మాటకు, ఆటకు, రోజువారీ పనులకు శిక్షణే అసలు సహాయం. అది ఎంత చిన్న వయసులో మొదలైతే అంత మేలు. పట్టణంలో వారానికి రెండు గంటల థెరపీ దొరికినా మిగిలిన గంటలన్నీ ఇంటివే.

ఈ విషయంలో మాకు ఎంతో ఆశ కలిగించిన ఒక పరిశోధన ఉన్నది. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో జరిగి 2016లో ప్రకటితమైనది. పెద్ద నిపుణులు కాని సాధారణ ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. వారు ఆరు నెలలలో 12 సార్లు కూర్చొని, తల్లి బిడ్డతో ఆడుకొనే వీడియోను ఆమెకే చూపించి, 'ఇక్కడ చూడండి, మీరు ఆగినప్పుడు బిడ్డ మీ వైపు తిరిగాడు' అన్న తీరులో నేర్పారు. తల్లిదండ్రులు బిడ్డకు అనుగుణంగా స్పందించడం, బిడ్డ తానుగా పలకరించడం రెండూ మెరుగుపడ్డాయి. అన్ని కొలతలలోనూ ఫలితం రాలేదు, ఒక కొలతలో తగ్గింది కూడా. అయినా మన వంటి ఇళ్లలో, మన వంటి భాషలలో, తక్కువ ఖర్చుతో ఇది సాధ్యమని తేలింది.

ఇంటిలో చేయగలిగినది చాలా సాదా. బిడ్డ కళ్లకు ఎదురుగా, అతని ఎత్తుకు దిగి కూర్చోండి. మీరు అనుకున్న ఆట కాదు, అతడు ఆడుతున్న ఆటలోనే చేరండి. బండి చక్రాన్ని తిప్పుతూ ఉంటే మీరూ తిప్పండి, 'గిర్రున తిరిగింది' అనండి. ప్రశ్నలు తగ్గించండి, చెప్పడం పెంచండి. ఒక మాట అని ఆగండి. జవాబుకు పది లెక్కపెట్టేంత సమయం ఇవ్వండి. రొట్టెల పిండి కలిపేటప్పుడు ఒక ముద్ద అతనికి ఇవ్వండి. మాటకు బదులు సైగలు, బొమ్మల కార్డులు ఇస్తే ఇక మాట రాదేమోనని తల్లులు భయపడతారు. అటువంటి భయం అవసరం లేదు. తన కోరిక చెప్పుకొనే దారి దొరికిన బిడ్డకు కోపం తగ్గుతుంది, మాటకు కూడా అవి తోడ్పడతాయి.

పూర్తిగా నయం చేస్తామని హామీ ఇచ్చేవారి విషయంలో జాగ్రత్త. మూలకణాల చికిత్స పేరుతో లక్షలు వసూలు చేసేవారు ఉన్నారు. ఆటిజానికి అది సిఫారసు చేయదగినది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టం చేసింది. నగలు అమ్మి ఆ ఇంజక్షన్లకు పోయవద్దు.

ఇక హక్కులు. మన పత్రిక పాఠకులకు ఈ మాట కొత్తది కాదు, ఈ హక్కులు మాత్రం కొత్తవి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టంలో చేరింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది, 21 వైకల్యాలలో ఒకటిగా ఆటిజాన్ని గుర్తించింది. 40 శాతం లేదా అంతకంటె ఎక్కువ వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరణ పొందిన బిడ్డకు 6 నుండి 18 ఏళ్ల వరకు, ఇంటి దగ్గరి బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని, ఉచితంగా చదివే హక్కు ఉన్నది. ప్రభుత్వ సహాయం గాని గుర్తింపు గాని పొందిన విద్యాసంస్థలు వైకల్యం పేరుతో వివక్ష చూపకుండా చేర్చుకోవాలని అదే చట్టం చెబుతున్నది. 'మా బడిలో ఇటువంటివారిని చేర్చుకోము' అని నోటితో చెప్పి పంపేవారిని ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వమని అడగండి. ఉన్నత విద్యలో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషను దివ్యాంగులకు ఉన్నది. ఆ 4 శాతంలో ఒక శాతం ఆటిజం, మేధోవైకల్యం వంటి వర్గాలకు ప్రత్యేకించారు. నలుగురిలో ఉద్దేశపూర్వకంగా అవమానించినవారికి ఆరు నెలల నుండి ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

గుర్తించే యంత్రాంగం కూడా ఉన్నది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించాలి. అనుమానం ఉంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. మన పిల్లలలో చాలామంది చిన్న ప్రైవేటు బడులలోనో, మక్తబ్‌లలోనో ఉండడం వలన ఆ బృందం కంటికి పడరు. కనుక అంగన్‌వాడీలో పేరు నమోదు చేయించండి. ఆశా కార్యకర్తను ఇంటికి పిలవండి. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984 నుండి నడుస్తున్న జాతీయ సంస్థ, నేడు నైపిడ్ అని పిలువబడుతున్నది, పిల్లలను పరీక్షించి తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తుంది. మన దేశానికి తయారైన ఆటిజం కొలమానంలో 40 అంశాలు ఉంటాయి. వైద్యుడు అడిగే ఆ ప్రశ్నలకు ఉన్నది ఉన్నట్లు చెప్పండి. బిడ్డను గొప్పగా చూపాలని చేయలేని పనులు చేస్తాడని చెబితే శాతం తగ్గి సర్టిఫికెట్టు చేజారుతుంది.

సర్టిఫికెట్టు అనగానే మన ఇళ్లలో మరొక చిక్కు ఎదురవుతుంది. పేరు. జనన ధ్రువపత్రంలో 'షేక్' ఇంటిపేరుగా ముందు, ఆధార్‌లో చివర, బడి రికార్డులో అసలే ఉండదు. ఇంగ్లీషు అక్షరాలలో అదే పేరు నాలుగు విధాలుగా ఉంటుంది. తల్లి పేరు ఒకచోట 'బీ', మరొకచోట 'బేగం'. సదరం శిబిరానికి గాని, యూడీఐడీ కార్డుకు గాని దరఖాస్తు చేయడానికి ముందే ఈ కాగితాలను ఒకే విధంగా సరిచేయించుకోండి. ఇందుకు పట్టే నెలలు వృథా కాకుండా ఆసుపత్రి తిరుగుడు, కాగితాల తిరుగుడు ఒకేసారి సాగించండి. కార్డు చేతికి వస్తే ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి నెలకు 6,000 రూపాయల పింఛనుకు, జాతీయ ట్రస్టు వారి నిరామయ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు థెరపీతో సహా వైద్య ఖర్చులకు దారి తెరుచుకుంటుంది.

చివరిగా ప్రతి తల్లీ రాత్రిపూట తనలో తాను అడుగుకొనే ప్రశ్న. 'మేము పోయాక ఏమవుతాడు?' 18 ఏళ్లు నిండిన తరువాత అవసరమైతే జాతీయ ట్రస్టు చట్టం కింద సంరక్షకుని నియమించుకోవచ్చు. జిల్లా కలెక్టరు ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టాలి. ఆ సంరక్షకుడు బిడ్డ ఆస్తి వివరాలను, ఏటేటా లెక్కలను సమర్పించాలి. ఇది ఎందుకు చెబుతున్నామంటే, ఇటువంటి బిడ్డకు వారసత్వంలో వాటా లేదన్నట్లు అన్నదమ్ములు పంచుకోవడం చూస్తున్నాము. షరీఅత్‌లో వైకల్యం వారసత్వాన్ని తొలగించదు. వాటా ఆ బిడ్డదే, దానిని కాపాడవలసినది సంరక్షకుడు. బ్రతికి ఉండగానే ఈ విషయాన్ని కాగితం మీద పెట్టండి.

మసీదు కమిటీల పెద్దలకు ఒక విన్నపం ఉన్నది. నమాజు సమయంలో ఒక బిడ్డ అరిచినా, వరుసల మధ్య పరుగెత్తినా ఆ తండ్రిని అందరిలో మందలించవద్దు. అతడు మళ్లీ రాడు, బిడ్డనూ తీసుకురాడు. లౌడ్‌స్పీకరుకు దూరంగా ఒక మూల ఆ తండ్రీకొడుకులకు కేటాయిస్తే సరిపోతుంది. జుమా నాడు ఏడాదికి ఒకసారైనా ఈ విషయం మీద రెండు నిమిషాలు మాట్లాడితే, మేము ఏడాదంతా ఇల్లిల్లూ తిరిగి చేసే పనికంటె ఎక్కువ జరుగుతుంది.

పదహారు నెలల నుండి ముప్ఫై నెలల లోపు పిల్లల తల్లులు జవాబివ్వవలసిన 20 ప్రశ్నల పత్రాలు బయట బల్ల మీద ఉన్నాయి. అవి జబ్బును తేల్చవు, వైద్యుని వద్దకు వెళ్లాలా అన్నది మాత్రం చెబుతాయి. చదువు రాని తల్లులకు ఉర్దూలోను, తెలుగులోను చదివి వినిపించడానికి మావారు ఇద్దరు అక్కడ కూర్చొని ఉన్నారు. అత్తగార్లు కూడా కోడళ్లతో కలిసి రావలసినదిగా కోరుతున్నాము. ప్రశ్నలు ఉన్నవారు ఇప్పుడు అడగవచ్చు.